నేను నవ్విన పదకొండు రోజులు

కిందటి నెలలో కళ్ళద్దాలు బాగుచేయించుకుందామని ఆబిడ్స్ వెళ్ళాను. నాకు ఆబిడ్స్ వెళ్ళడమంటే ఇష్టం లేదు. రద్దీకి భయపడుతున్నానని అందరూ అనుకుంటారు, నేనూ అలాగే అనుకోనిస్తాను. పని చూసుకుని నాంపల్లి వైపు నడుస్తుంటే ఒక సందు మొదట్లో డప్పు చప్పుడు వినిపించింది. సమ్మక్క జాతర వచ్చే ఏడు కదా, బెల్లం దుకాణం ముందు ఇనుప కాంటా వేలాడదీశారు. ఒక పళ్ళెంలో బెల్లం ముద్దలు, ఇంకో పళ్ళెంలో ఇరవయ్యేళ్ళు నిండీ నిండని ఒక అమ్మాయి. కొత్త డ్రెస్సు, నుదుట పసుపు కుంకుమ, చేతిలో ఫోను. కిలకిలా నవ్వుతోంది. ఇంటివాళ్ళు వీడియో తీస్తున్నారు. ఏ కామెర్లు తగ్గినందుకో, ఏ పరీక్ష గట్టెక్కినందుకో మొక్కు తీర్చుకుంటున్నారు, వాళ్ళ సంబరం వాళ్ళది. అందులో భయపడాల్సింది ఏమీ లేదు. అయినా పక్కనే ఉన్న చాయ్ బండి అంచు పట్టుకుని నిలబడ్డాను. "ఏమైందమ్మా, షుగరా?" అంటూ చాయ్ అతను ఒక బిస్కెట్టు చేతిలో పెట్టాడు. ఔనన్నాను. ఈ వయసులో షుగరంటే ఇక ఎవరూ మరో ప్రశ్న వేయరు.

మా అమ్మది ములుగు దగ్గర ఒక పల్లె. రెండేళ్ళకోసారి వచ్చే సమ్మక్క జాతర కోసమే మధ్యలో ఆ రెండేళ్ళూ బతుకుతున్నట్టు మాట్లాడేది. సమ్మక్క తల్లికిచ్చే బెల్లాన్ని బెల్లం అన్నామో, నెత్తిన మొట్టికాయ పడేది. బంగారం అనాలి. ఇంట్లో ఎవరికైనా కష్టమొస్తే నిలువెత్తు బంగారం మొక్కుకుంటారు. కష్టం తీరాక ఆ మనిషిని కాంటాలో కూర్చోబెట్టి, తూకానికి తూకం బెల్లం పెట్టి, కొంత తల్లికి తీసుకుపోతారు, మిగిలింది వాడకట్టుకు పంచుతారు. నా పంతొమ్మిదో ఏట నన్నూ అలా కూర్చోబెట్టారు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నాకు నయమైందని నమ్మారు. నయం కాలేదని తెలిసింది ఒక్క నాకే.

మాది నాంపల్లి స్టేషను గోడ వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు. వరసగా ఆరు కుటుంబాలు, మధ్యలో వాకిలి, అందరికీ ఒకే నల్లా. పొద్దున్నే ముందుగా డీజిలు వాసన లోపలికి వచ్చేది, దాని వెనకే అమ్మ పెనం మీద కాలుతున్న జొన్నరొట్టె వాసన, ఆ వెనక పక్కింటి అగరొత్తులు. బాపు ఆబిడ్స్‌లో ఒక సూట్ల దుకాణంలో కటింగ్ మాస్టర్. ఆయన చొక్కాకు ఎప్పుడూ ఇస్త్రీ ఆవిరి వాసన, వేళ్ళకు సుద్దముక్క పొడి. అన్నం తినేటప్పుడు కూడా మెడలో టేపు ఉండేది. తీసి పక్కన పెట్టమని అమ్మ పోరితే "ఉండనీయ్, లేకుంటె మెడ బోసిగ అనిపిస్తది" అనేవాడు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని బాగున్నావా అని అడిగే లోపలే ఆ చుట్టం నడుము ఎన్నంగుళాలు పెరిగిందో ఆయనకు తెలిసిపోయేది. మాటలు మాత్రం బహు తక్కువ. ఆ లోటు అమ్మ తీర్చేది. మా సందులో నల్లా ఆగిపోయినా అమ్మ నోరు ఆగదని పేరు.

నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. దసరా సెలవులు అయిపోయాక కాలేజీకి పోలేదు. ఏమైందని అడిగితే చెప్పడానికి ఏమీ కాలేదు. ఒకరోజు పొద్దున్న లేవాలనిపించలేదు, అంతే. మర్నాడూ అంతే. గోడవైపు తిరిగి పడుకుంటే ఆ గోడ మీది సున్నం పెచ్చులే నాకు లోకం. అన్నం ముద్ద నోట్లో పెడితే నమలడం ఎలాగో మరిచిపోయినట్టుండేది. అమ్మ నన్ను లాగి కూర్చోబెట్టి జడ వేసేది, నేను మళ్ళీ ఒరిగిపోయేదాన్ని. చనిపోయినా బాగుండునని అనిపించేది, ఆ మాట పైకి అనడానికి కూడా ఓపిక లేదు. వాకిట్లో వాళ్ళు గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు, ఒకావిడ తాయెత్తు తెచ్చి కట్టింది. చివరికి బాపు దుకాణానికి సెలవు పెట్టి నన్నూ అమ్మనూ దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, నెల నెలా రావాలని చెప్పింది. లేచి తిరుగుతున్నా రావాలి అంది. "నిద్ర తగ్గినా, మాటలు మరీ పెరిగినా ఆలస్యం చేయకుండా తీసుకురండి" అని కూడా అంది. ఆ మాట ముగ్గురమూ విన్నాం, ముగ్గురిలో ఒక్కరికీ బుర్రకెక్కలేదు. మాట్లాడని పిల్ల ఒక్క మాట మాట్లాడితే చాలని కూర్చున్న ఇల్లు మాది. మాటలు ఎక్కువయ్యాయని దవాఖానకు ఎవరు పరిగెత్తుతారు? ఆ సాయంత్రమే అమ్మ దేవుడి గూటి ముందు కొంగు చాచి, "తల్లీ, నా బిడ్డ లేచి నవ్వితె నీకు నిలువెత్తు బంగారమిస్త" అని మొక్కింది. అక్కడే జరిగింది పొరపాటు. లేచి నవ్వితే అని మొక్కింది. పాపం, అంతకంటే ఇంకేం మొక్కుతుంది? మా వాడకట్టులో ఏ తల్లిని అడిగినా అదే మొక్కేది.

జాతర ఇంకో రెండు వారాలుందనగా ఒక పొద్దున నేను అమ్మకంటే ముందు లేచాను. ఒళ్ళు దూదిలా తేలికగా ఉంది. చీపురు తీసుకుని మా గుమ్మం ముందే కాదు, ఆరిళ్ళ వాకిలీ ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గేశాను. అమ్మ లేచి వచ్చేసరికి ముగ్గు మధ్యలో కూర్చుని నవ్వుతున్నాను. ఎందుకు నవ్వానో ఇప్పుడు గుర్తులేదు. అమ్మ చేతిలోని చెంబు జారి పడింది. గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. "నవ్వింది! అయ్యో, నా బిడ్డ నవ్విందయ్యా!" అని బాపును కేకేసింది. ఆ కేకకు ఆరిళ్ళ తలుపులూ తెరుచుకున్నాయి. ఆ ఒక్క క్షణం కోసం నేనేం ఇవ్వమన్నా ఇచ్చేదాన్ని. మా అమ్మ అంత సంతోషంగా ఉండగా నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత కూడా చూడలేదు.

మొదటి మూడు రోజులూ నిజంగానే బాగున్నాను. నాలుగో రోజుకి అలవాటైంది నిద్రలేకపోవడం. ఇత్తడి సామానంతా తోమాను, కారం దంచాను, వాకిట్లో పిల్లలందరినీ పోగేసి ఎక్కాలు చెప్పాను. మధ్యాహ్నం బాపుకు టిఫిన్ డబ్బా తీసుకుని ఆబిడ్స్ నడిచిపోయేదాన్ని. ఇంతకుముందు తల వంచుకుని పోయే దారే. ఇప్పుడు ప్రతి దుకాణం బోర్డూ నాతో మాట్లాడుతోంది. ఎర్రరంగు మరీ ఎర్రగా ఉంది. ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అన్నిట్లోనూ నాకోసమే ఏదో రాసి ఉందని ఒక్కొక్కటీ తెరిచి చూశాను. దుకాణంలో బాపు యజమానికి సూట్లు ఎలా అమ్మాలో అరగంట పాఠం చెప్పాను. ఆయన నవ్వి "మాస్టర్, నీ బిడ్డె మస్తు హుషారుంది" అన్నాడు. బాపు నవ్వలేదు. నా భుజాల వైపు చూసి, "జాకెట్టు వదులైంది. రాత్రి ఇయ్యి, కుట్టేస్త" అన్నాడు. ఆ వారంలో అది రెండోసారి.

ఇంట్లో మాత్రం పండగ. "మందు పనిచేసింది, తల్లి కరుణించింది. ఇగ దవాఖాన మొకం చూసేది లేదు" అని అమ్మ మాత్రల కవరు అటకమీదకి విసిరేసింది. వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ నన్ను పిలిచి చూపించేది. నేను మాట్లాడుతుంటే బుగ్గన చెయ్యి పెట్టుకుని వినేది. నా మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయని, నేను మొదలుపెట్టింది నాకే అందడం లేదని ఆమెకు తెలియలేదు. నాకు తెలుసు. ఈ జబ్బు గురించి రాసేవాళ్ళు అదంతా ఆనందమే అన్నట్టు రాస్తారు, ఒళ్ళు మండుతుంది నాకు. ఆనందమే, కాదనను. కాని బ్రేకులు తెగిన బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినట్టు ఆనందం. గుండె దడదడా కొట్టుకునేది. అందరూ పడుకున్నాక చీకట్లో కూర్చుని, నోట్లోంచి మాటలు రాకుండా కొంగు కుక్కుకునేదాన్ని. అమ్మను లేపాలని చెయ్యి చాచేదాన్ని, ఆమె నిద్రలో కూడా నవ్వుముఖంతో ఉండేది. నేను బాగాలేనని ఎలా చెప్పను? చెబితే ఏమవుతుంది? మళ్ళీ ఆ గోడ, ఆ సున్నం పెచ్చులు. చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని.

పదో రోజు మధ్యాహ్నం స్టేషనుకు పోయాను. నాంపల్లి చివరి స్టేషను. అక్కడితో పట్టాలు అయిపోతాయి. వచ్చిన ప్రతి బండీ ఆగాల్సిందే, ముందుకు పోవడానికి దారి లేదు. పుట్టినప్పటి నుంచీ ఆ గోడ పక్కనే పెరిగినదాన్ని, నాకిది తెలియదా? ఆ రోజు తెలియలేదు. ప్లాట్‌ఫారం అంచున నిలబడి, వస్తున్న ఇంజనుకు అరచెయ్యి చూపించాను. బండి నెమ్మదించింది, ఆగింది. నా ఒళ్ళంతా జలదరించింది. ఇంకో బండి వచ్చింది. చెయ్యెత్తాను. అదీ ఆగింది. మూడోది కూడా. ఒక కూలీ "ఏయ్ పిల్లా, ఎనక్కి జరుగు!" అని అరిచి రెక్క పట్టి గుంజాడు. నాకు అతని మీద జాలేసింది, ఎవరితో మాట్లాడుతున్నాడో అతనికి తెలియదని. నడుచుకుంటూ ఇంటికొస్తూ అనుకున్నాను: ఇక్కడైతే ఎలాగూ ఆగుతాయని ఎవరైనా అనొచ్చు. ఖైరతాబాద్ గేటు దగ్గర బండ్లు ఆగవు, దూసుకుపోతాయి. అక్కడ పట్టాల మీద నిలబడి ఆపి చూపించాలి. రేపు మొక్కుంది కాబట్టి ఎల్లుండి. అంత చక్కగా ఆలోచించాను. అంతలోనే ఎక్కడో లోపల ఒక చిన్న గొంతు, దసరాకు ముందరి నా గొంతే, సచ్చిపోతవే సరోజా అంది. ఇంటి గుమ్మం దగ్గర కూర్చుని వణికిపోయాను. అమ్మ వచ్చి "చలిపెడ్తున్నదా బిడ్డా?" అని తన కొంగు కప్పింది.

మర్నాడు పొద్దున బెల్లం సేఠ్ మా సందులోకే కాంటా పంపించాడు. మూడు ఇనుప కాళ్ళు నిలబెట్టి, మధ్యలో గొలుసులతో రెండు పెద్ద పళ్ళాలు. సేఠ్ కూడా వచ్చాడు. డప్పులు వచ్చాయి. ఆరిళ్ళ వాళ్ళూ, పక్క సందు వాళ్ళూ, బాపు దుకాణం నుంచి ఇద్దరు టైలర్లూ. అమ్మ నాకు తలంటు పోసి, పట్టుచీర కట్టి, నుదుటి నిండా పసుపు పెట్టింది. పళ్ళెంలో మఠం వేసుకుని కూర్చున్నాను. నవ్వుతున్నాను. బుగ్గలు నొప్పిపెడుతున్నా నవ్వు ఆగడం లేదు. అవతలి పళ్ళెంలో ఒక్కో ముద్దా పెడుతుంటే నేను మెల్లగా పైకి లేచాను, కాళ్ళ కింద నేల దూరమైంది, అందరూ చప్పట్లు కొట్టారు.

"బస్, బరాబర్. నలభై" అన్నాడు సేఠ్.

"నలభయ్యేనా? మంచిగ సూడు సేఠూ, తల్లికి తక్కువ చేస్తె మనకే పాపం" అంది అమ్మ. ఆమె యాభై కిలోల ముద్దలు తెప్పించి పెట్టింది. మిగిలిపోయిన ముద్దలు గోనెసంచి మీద అలాగే ఉన్నాయి.

బాపు ఆ మిగిలిన ముద్దల వైపే చూస్తూ నిలబడ్డాడు. "దవాఖానల నలభై ఏడున్నది" అన్నాడు.

"గప్పుడు పండుకోని ఉండె. ఇప్పుడు తిరుగుతున్నది గదా, కరిగింది. గీ లెక్కలు ఇప్పుడేంది నీకు? కొబ్బరికాయ కొట్టు" అంది అమ్మ.

"పండుకున్నప్పుడు అన్నమే ముట్టలే. ఇప్పుడు తింటున్నది, నవ్వుతున్నది. నవ్వెటోళ్ళకు ఒళ్ళు రావాలె గాని పోతదా? రెండుసార్లు జాకెట్టు లోపటికి కుట్టిన, ఇంక వదులే ఉన్నది."

బాపు అంత పొడుగు మాట మాట్లాడగా మేమెవరమూ వినలేదు. ఆయన చెయ్యెత్తి డప్పులు ఆపించాడు. నా పళ్ళెం ముందు గొంతుక్కూర్చుని, గొలుసు పట్టుకుని, నా ముఖంలోకి చూశాడు.

"బిడ్డా, రాత్రిళ్ళు నిద్ర పోతున్నవా?"

ఇన్ని రోజుల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. పోతున్నా అంటే సరిపోయేది. డప్పులు మళ్ళీ మొదలయ్యేవి, అమ్మ కడుపు చల్లగా ఉండేది, మర్నాడు నేను ఖైరతాబాద్ పోయేదాన్ని. పోవడం లేదంటే మళ్ళీ దవాఖాన, మళ్ళీ గోడ, వాడకట్టు ముందు అమ్మకు తల కొట్టేసినట్టు అవుతుంది. అమ్మ చేతిలో హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వైపు చూడకూడదని కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"లేదు బాపు."

"ఎన్ని దినాలైంది?"

"వారం దాటింది. గంటసేపు గూడ కన్ను మూతపడ్తలేదు. రేపు ఖైరతాబాద్ గేటు కాడికి పోదామనుకున్న, రైలుకు ఎదురుంగ. పట్టాల మీద నిలబడితె ఆగుతదని అనిపిస్తున్నది. ఆగదని గూడ తెలుసు. నాకు భయమైతున్నది బాపు. నన్ను పోనియ్యకు."

ఇదంతా నవ్వుతూనే చెప్పాను. ముఖం నా మాట వినలేదు.

"ఏం మాటలే అవి! తల్లి ముంగట!" అని అమ్మ వచ్చి నా నోరు మూసింది. పసుపు చెయ్యి. నాలుక మీద పసుపు చేదు తగిలింది. బాపు ఆ చేతిని నెమ్మదిగా తీసేసి, నన్ను చంటిపిల్లలా రెండు చేతులతో పళ్ళెంలోంచి ఎత్తుకున్నాడు. అవతలి పళ్ళెం దభీమని నేలకు తగిలి బెల్లం ముద్దలు పగిలి మట్టిలో దొర్లాయి. ఆ చప్పుడుకు సందంతా బిత్తరపోయింది. బాపు నన్ను దించకుండానే ఆటో ఎక్కాడు. మెడలో టేపు నా చెంపకు రాసుకుంటోంది. నేను ఏడుస్తున్నానని అనుకున్నాను, నవ్వుతున్నానని బాపు తర్వాత చెప్పాడు.

దవాఖానలో ఇరవై రోజులున్నాను. జబ్బు ఒకటేననీ, దానికి ముఖాలు రెండనీ, ఏడిపించేదీ అదేననీ, నవ్వించేదీ అదేననీ డాక్టరమ్మ వివరంగా చెప్పింది. మాత్రలు బాగున్నప్పుడూ మానకూడదంది. బాపు తలూపాడు. అమ్మ మాత్రం నా వైపు చూస్తూ ఒక్క ప్రశ్న అడిగింది: "మరి ఇది నవ్వితె మంచిదో చెడ్డదో నాకెట్ల తెలుస్తది డాక్టరమ్మా?" డాక్టరమ్మ ఏదో చెప్పింది, నిద్ర గురించి, మాటల వేగం గురించి. అమ్మ అర్థమైనట్టు తలూపింది. ఆ ప్రశ్న నాకు మాత్రం అప్పటి నుంచీ వదల్లేదు.

ఆ తర్వాత నేను చదువు ముగించాను, హిమాయత్‌నగర్‌లో ఒక బడిలో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పాను, రెండుసార్లు మళ్ళీ దవాఖానలో పడ్డాను, లేచాను. మా బడిలో చివరి రోజుల్లో ఒక పిల్ల నా దగ్గరకు వచ్చి, "టీచర్, నాకు బైపోలార్ అంట" అని జలుబు చేసిందన్నంత మామూలుగా చెప్పింది.  మా రోజుల్లో ఇళ్ళల్లో దానికి పేరే లేదు, పెట్టినా పిచ్చి అనే పెట్టేవాళ్ళు. ఈ పిల్లలకు పేరు తెలుసు, మాత్ర పేరు తెలుసు, మాట్లాడుకోవడానికి మనుషులున్నారు. మంచిదే, వెయ్యిసార్లు మంచిదే. కాని నువ్వు సంతోషంగా ఉన్నప్పుడు భయమేస్తుందా అని నేను అడిగితే, ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది మాత్రం మారలేదన్నమాట.

అమ్మ సంగతి చెప్పాలి. ఆ రోజు తర్వాత అమ్మ నా నవ్వును నమ్మలేదు. నవ్వు నాలుగు విధాల చేటని అందరూ ఊరికే అంటారు, మా ఇంట్లో దాన్ని నిజంగానే పాటించాం. నేను ఏ జోకుకో నవ్వుతానా, అమ్మ చేస్తున్న పని ఆపేసేది. గరిటె అలాగే గాల్లో ఉండేది. నా కళ్ళల్లోకి, నా చేతుల వైపు, మళ్ళీ కళ్ళల్లోకి చూసేది. ఒక్కోసారి నిమిషం సేపు. నాకు చచ్చేంత కోపం వచ్చేది. "మనిషిని నవ్వనియ్యవా? నేనేమన్న దొంగనా?" అని అరిచేదాన్ని. ఆమె మళ్ళీ కూర కలపడం మొదలుపెట్టేది. బాపు పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం, ఆ చూపు ఇంకా ఎక్కువైంది. నేను ఇంట్లో నవ్వడం తగ్గించేశాను. నవ్వొస్తే బాత్రూంలోకి పోయి నల్లా విప్పేదాన్ని. ముప్పై ఏళ్ళు పైనే అలా గడిచాయి.

రెండేళ్ళుగా అమ్మకు జ్ఞాపకం పోతోంది. మొదట చుట్టాల పేర్లు, తర్వాత వంటలు, తర్వాత బాపు పోయిన సంగతి. ఒకప్పుడు ఆమె నా ఒళ్ళు కడిగినట్టే నేనిప్పుడు ఆమె ఒళ్ళు కడుగుతాను, జడ వేస్తాను. మొన్న పొద్దున ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. సందులోకి కూరగాయల బండి వచ్చింది. ఇప్పుడు బండివాళ్ళు అరవరు కదా, మైకులో రికార్డు పెడతారు. ఆ రికార్డు ఎక్కడో ఇరుక్కుపోయి, "టమాట... టమాట... టమాట" అంటూనే ఉంది. అమ్మ ప్రతిసారీ ఎంతో మర్యాదగా, "వద్దు బిడ్డా, ఉన్నయి" అని జవాబు చెబుతోంది. "టమాట." "వద్దు బిడ్డా, నిన్ననే తెచ్చిన్రు." "టమాట." "అరె, చెప్తున్న గదా నాయినా, ఉన్నయని!" నాకు నవ్వు ఆగలేదు. బాత్రూం దాకా పోవడానికి కూడా వీల్లేకపోయింది. నేల మీద కూర్చుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, పొట్ట పట్టుకుని పడీ పడీ నవ్వాను. మధ్యలో అలవాటు కొద్దీ ఆమె వైపు చూశాను, ఆ చూపు కోసం.

అమ్మ నన్ను చూసి నవ్వుతోంది. పళ్ళు లేని నోటితో, భుజాలు ఊగిపోతూ, నాతో పాటు హాయిగా నవ్వుతోంది. నా కళ్ళు వెతకడం లేదు, చేతులు చూడటం లేదు. నా నవ్వు ఆగిపోయింది. నేను అరిచినా తిట్టినా ఒక్కరోజు కూడా మానకుండా నన్ను కనిపెట్టుకుని ఉన్న మనిషి ఆ పని మరిచిపోయింది. ఇప్పుడు నేను మళ్ళీ ఆ పదకొండు రోజుల్లోలా పైకి లేవడం మొదలుపెడితే ముందుగా చూసేదెవరు?

"అమ్మా, నా దిక్కు చూడు. మంచిగ చూడు" అన్నాను, ఆమె మోకాళ్ళు పట్టుకుని.

అమ్మ వంగి, నా చెంపలు రెండూ చేతుల్లోకి తీసుకుని చూసింది.

"ఎవలి బిడ్డవే నువ్వు? నవ్వితె ఎంత ముద్దుగున్నవ్!" అంది.